చీటీ డబ్బులతో కెమెరా కొన్నాను!

మా అమ్మమ్మగారింటి హాల్లో తాతయ్య ఫొటో ఒకటి ఉంది. ఎవరిదో పెళ్లిలో తీసిన గ్రూపు ఫొటోలోంచి తాతయ్య మొహం వరకు కత్తిరించి, పెద్దది చేయించి, ఫ్రేము కట్టించారు. అంత చిన్న మొహాన్ని అంత పెద్దది చేసేసరికి ఏమీ మిగల్లేదు. స్టూడియో వాళ్లు కనుబొమలు దిద్దారు, మీసాలు గీశారు. ‘‘మీ తాతకి అంత మీసం ఎప్పుడుందే! దండ మాత్రం ఆ మీసానికే వేస్తున్నాం’’ అని అమ్మమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

2023 సంక్రాంతికి కోనసీమ వెళ్లినప్పుడు అమ్మమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఆవిడకి ఎనభై నాలుగేళ్లు. ‘‘ఒసే, నేను పోయాక గోడకి పెట్టే ఫొటో నేను బతికుండగానే చూసుకోవాలే. నా మొహం నాకు నచ్చాలి. మీ తాతకి చేసినట్టు నాకూ మీసాలు గీయించేరు!’’ అంది. అందరం పడీపడీ నవ్వాం. రాత్రి పడుకున్నాక మాత్రం నవ్వు రాలేదు. నా ఫోన్‌లో అమ్మమ్మ ఫొటోలు రెండొందలకి పైగా ఉన్నాయి. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. వంటింట్లోవన్నీ మసక మసగ్గా ఉన్నాయి. కాస్త బాగున్నవి వాట్సాప్‌లో అటూ ఇటూ తిరిగి కుదించుకుపోయినవి. మొహం నున్నగా మైనపు బొమ్మలా ఉంది. ఎనభై నాలుగేళ్ల ముడతల్ని ఫోనే తుడిచేసింది. గోడకి పెట్టదగ్గది ఒక్కటీ లేదు.

మార్చిలో నా చీటీ పాడుకున్నాను. చేతికి నలభై వేలొచ్చాయి. వాషింగ్ మెషిన్ మార్చాలని ఏడాది నుంచీ అనుకుంటున్న డబ్బది. ‘‘కెమెరా కొంటాను’’ అంటే మావారు పేపర్లోంచి తలెత్తి, ‘‘ఇరవై రెండు వేలు పెట్టి ఫోన్ కొన్నాం కదా, అందులో ఉన్నది కెమెరా కాదా?’’ అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతుక్కుంటూ రెండు నెలలు తిరిగాను. ఆ తిరుగుడులో తెలుసుకున్నవీ, చేసిన పొరపాటూ చెబితే మీలో ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను ఫొటోగ్రాఫర్ని కాను. హైస్కూల్లో సోషల్ చెప్పుకునే టీచర్ని.

ఫోన్ ఉండగా ఇంకోటి ఎందుకు?

ముందు మా ఊరి స్టూడియో బాబాయ్ గారి దగ్గరికి వెళ్లాను. మా అందరి పాస్‌పోర్టు ఫొటోలూ, పిల్లల బారసాల ఫొటోలూ ఆయన తీసినవే. ఆయన నా ఫోన్ చూసి తిట్టలేదు. ‘‘ఎండలో అయితే ఇది బంగారంలా తీస్తుందమ్మా. పదివేల మంది ముందు పెట్టినా తేడా కనిపెట్టలేరు. నీకు కావాల్సింది ఎక్కడ?’’ అన్నారు. ‘‘అమ్మమ్మ వంటింట్లో. తెల్లారుజామున. ఒక్క ట్యూబ్‌లైట్ వెలుగులో’’ అన్నాను. ‘‘అయితే ఫోన్‌కి కష్టమే’’ అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కెమెరాలో వెలుతుర్ని పట్టుకునే పలక ఒకటుంటుంది, దాన్ని సెన్సర్ అంటారు. మామూలు ఫోన్‌లో అది చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. మధ్యతరగతి వాళ్లు కొనుక్కునే డీఎస్ఎల్ఆర్‌లో, నైకాన్‌దయితే 23.5 మిల్లీమీటర్ల పొడవు, 15.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. కానన్‌ది దానికన్నా రవ్వంత చిన్నది. ఒక చిన్న పోస్టల్ స్టాంపు అంత అనుకోండి. వాన పడుతుంటే గ్లాసు పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? వెలుతురూ అంతే. ఎండలో కుంభవృష్టి కాబట్టి గ్లాసు కూడా నిండుతుంది. వంటింట్లో పడేది తుంపర. అక్కడే గంగాళం కావాలి. గ్లాసు నిండనప్పుడు ఫోన్ నాలుగైదు ఫొటోలు తీసి కలిపి, మచ్చలు తుడిచి, నున్నగా చేసి మనకిస్తుంది. అమ్మమ్మ ముడతలు పోయింది అందుకే.

ఈ డీఎస్ఎల్ఆర్ అన్న మాటకి అర్థం కూడా ఆయనే చెప్పారు. లోపల ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతుర్ని అది పైకి మళ్లిస్తే, మనం కన్ను పెట్టే కిటికీలో అదే దృశ్యం కనిపిస్తుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, వెలుతురు వెనకున్న సెన్సర్ మీద పడుతుంది. ఆ ‘టక్’మనే చప్పుడు సగం ఆ అద్దానిదే.

ఒకప్పుడు ఇది రాజుల సరుకు. కొడాక్ కంపెనీలో ఇంజినీరు స్టీవెన్ శాసన్ 1975లో తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా ఒక్క బొమ్మని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు తీసుకునేది. 1991లో అదే కంపెనీ నైకాన్ ఎఫ్3 బాడీకి డిజిటల్ సెన్సర్ తగిలించి అమ్మింది. అది 1.3 మెగాపిక్సెల్. దాన్ని కొన్నవి ఎక్కువగా పత్రికలూ వార్తాసంస్థలూ. మామూలు మనుషుల చేతికి అందడం 2003లో కానన్ ఈఓఎస్ 300డి వచ్చాకే. వెయ్యి డాలర్ల లోపు ధరకి అమ్మారు దాన్ని. ఇప్పుడు మళ్లీ కాలం మారింది. 2018లో కానన్, నైకాన్ రెండూ అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకి కొత్త లెన్స్ మౌంట్లు తెచ్చాయి. కొత్త మోడళ్లన్నీ దాదాపు అటే వస్తున్నాయి.

‘‘అయితే డీఎస్ఎల్ఆర్ పాతబడిపోయినట్టే కదా బాబాయ్ గారూ?’’ అన్నాను.

‘‘అందుకేనమ్మా నీ నలభై వేలకి దొరుకుతోంది’’ అన్నారాయన.

మెగాపిక్సెల్ లెక్క

షాపులో ఎవరిని కదిలించినా ముందు మెగాపిక్సెళ్లే చెబుతారు. నేను లెక్కల టీచర్ని కాకపోయినా ఈ లెక్క వేసి చూసుకున్నాను. గోడకి పెట్టే ఫొటో 12 అంగుళాలకి 18 అంగుళాలు అనుకుందాం. మన ల్యాబుల్లో మామూలుగా దొరికే పెద్ద సైజు అది. అంగుళానికి 200 చుక్కల చొప్పున వేసినా 2400ని 3600తో గుణిస్తే 86 లక్షల 40 వేలు. అంటే తొమ్మిది మెగాపిక్సెళ్లు కూడా అక్కర్లేదు. ప్రారంభ స్థాయి డీఎస్ఎల్ఆర్‌లలో ఇప్పుడు ఎక్కువగా ఉన్నది 24. అంగుళానికి 300 చుక్కలు పెట్టినా 20 అంగుళాల ప్రింటు హాయిగా వస్తుంది. కాబట్టి 18 ఉన్నా, 24 ఉన్నా మనింటి గోడకి ఎక్కువే. ఆ అంకె చూసి అయిదు వేలు అదనంగా పెట్టకండి.

మరి దేనికి పెట్టాలి? లెన్స్‌కి. బాబాయ్ గారు నాకు పదిసార్లు చెప్పిన మాట ఇది. ‘‘బాడీ అయిదేళ్లకి పాతబడుతుంది. మంచి లెన్స్ ఇరవై ఏళ్లయినా పనిచేస్తుంది. జనం బాడీకి డబ్బంతా పోసి, దాంతో వచ్చిన లెన్స్‌తో సరిపెట్టుకుంటారు.’’

బాడీతో కలిపి ఇచ్చే 18-55 లెన్స్‌ని కిట్ లెన్స్ అంటారు. పగటి పూట, పెరట్లో, గుళ్లో, ఊళ్లో తిరుగుతూ తీసుకోవడానికి అది చాలు. ఇంట్లో చీకటి పడితేనే ఇబ్బంది. జూమ్ పూర్తిగా లాగితే దాని కన్ను ఎఫ్/5.6 వరకే తెరుచుకుంటుంది. ఈ అంకె ఎంత తగ్గితే కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు లెక్క, తిరకాసు వ్యవహారం. జూమ్ లేని ఒక చిన్న లెన్స్ ఎఫ్/1.8 వరకు తెరుచుకుంటుంది. రెండిటికీ తేడా దాదాపు పది రెట్ల వెలుతురు. కిట్ లెన్స్‌తో సెకనులో పదిహేనో వంతు సేపు షట్టర్ తెరిచి ఉంచాల్సిన చోట, దీంతో నూట పాతికో వంతు చాలు. పదిహేనో వంతు సేపట్లో అమ్మమ్మ చెయ్యి కదిలిపోతుంది. నూట పాతికో వంతులో కదలదు. నా మసక ఫొటోలన్నిటి రహస్యం ఈ ఒక్క లెక్కలో ఉంది.

ఏవేం చూశాను

కాకినాడలో రెండు షాపులు చూశాక, వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లి వాణ్ని వెంటేసుకుని కోఠి అంతా తిరిగాను. నా ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది కొత్త కానన్ 1500డి. 24 మెగాపిక్సెల్, వైఫై ఉంది, కిట్ లెన్స్‌తో వస్తుంది. కంపెనీ వారంటీతో నిశ్చింత. కానీ నేను అడిగిన చోట నలభై వేలు దాటింది. అది కొంటే ఎఫ్/1.8 లెన్స్‌కి పైసా మిగలదు.

రెండోది కొత్త కానన్ 3000డి. అన్నిటికన్నా చవక. 18 మెగాపిక్సెల్, దాంతో నాకు పేచీ లేదు. కానీ లెన్స్ తగిలించే చోటు లోహం కాదు, ప్లాస్టిక్. లెన్సులు మాటిమాటికీ మార్చే ఉద్దేశం ఉన్నవాళ్లు ఆలోచించుకోవాలి. పట్టుకుంటే బొమ్మ కెమెరాలా అనిపించింది నాకు.

మూడోది సెకండ్ హ్యాండ్‌లో కానన్ 200డి. దీని తెర తలుపులా తెరుచుకుని ఎటైనా తిరుగుతుంది. మైకు పెట్టుకునే రంధ్రం ఉంది. తెర చూస్తూ తీసినా, వీడియో తీసినా ఫోకస్ చకచకా పట్టుకుంటుంది. వంటల వీడియోలు చేసుకునేవాళ్లకీ, పసిపిల్లలున్న ఇళ్లకీ నేనైతే ఇదే చెబుతాను.

నాలుగోది సెకండ్ హ్యాండ్‌లో నైకాన్ డి3500. 2018లో వచ్చిన మోడల్, తర్వాత తయారీ ఆపేశారు. 24 మెగాపిక్సెల్. బ్యాటరీ, కార్డుతో కలిపినా అరకిలో లోపే. ఒక్కసారి ఛార్జ్ చేస్తే 1,550 ఫొటోలు వస్తాయని కంపెనీ లెక్క. తెర తిరగదు, మైకు రంధ్రం లేదు, వైఫై లేదు, బ్లూటూత్ మాత్రం ఉంది. నాకు వీడియోలతో పనిలేదు. పైగా ఇందులో ‘గైడ్’ అని ఒక మోడ్ ఉంది, ఏ ఫొటోకి ఏం మార్చాలో తెర మీద అదే చెబుతుంది. క్లాసులో పాఠం చెప్పే నాకు, పాఠం చెప్పే కెమెరా దొరికింది అనుకున్నాను.

కిట్ లెన్స్‌తో కలిపి 27 వేలకి డి3500 తీసుకున్నాను.

కొనే ముందు పెట్టిన పరీక్షలు

సెకండ్ హ్యాండ్ అంటే భయం సహజం. బాబాయ్ గారు కాగితం మీద రాసిచ్చిన పరీక్షలు ఇవీ. షాపతను కాస్త విసుక్కున్నా నేను ఒక్కటీ వదల్లేదు.

ఒకటి, సొంత మెమరీ కార్డు పట్టుకెళ్లాలి. ఆ కెమెరాతో ఒక ఫొటో తీసి, దాన్ని ఫోన్‌లోకి ఎక్కించి, షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూడాలి. నైకాన్‌లో ఆ లెక్క ఫొటోలోనే దాగి ఉంటుంది, ఉచితంగా చదివిపెట్టే సైట్లున్నాయి. కానన్‌లో చాలా మోడళ్లకి అలా కనపడదు, కంప్యూటర్‌కి తగిలించి చూడాల్సి వస్తుంది. ఈ స్థాయి కెమెరాలకి లక్ష క్లిక్కుల్ని ఒక గుర్తుగా పెట్టుకోమన్నారు. నాది పదకొండు వేల చిల్లర. స్కూటర్ మీటరు చూసినట్టే ఇది.

రెండు, లెన్స్‌ని ఎఫ్/16 దగ్గర పెట్టి తెల్ల గోడనో, ఖాళీ ఆకాశాన్నో తీయాలి. నల్ల చుక్కలు కనపడితే సెన్సర్ మీద దుమ్ము. దుమ్మయితే తుడిపించుకోవచ్చు. గీతలైతే వదిలేయాలి.

మూడు, లెన్స్ విప్పి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి, రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడాలి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్. ఎంత చవకైనా వద్దు.

నాలుగు, ఫోకస్ చుక్కల్ని ఒక్కొక్కటిగా మార్చి చూడాలి. ఫ్లాష్, బటన్లు, కార్డు పెట్టే అర, బ్యాటరీ మూత అన్నీ నొక్కి చూడాలి. ఛార్జర్ అసలుదేనా అని అడగాలి.

అయిదు, బిల్లు. దాని మీదున్న నంబరూ, కెమెరా అడుగునున్న నంబరూ ఒకటే కావాలి. కొత్తది కొనేవాళ్లూ ఇది వదలొద్దు. మిగతా చోట్ల కన్నా మరీ చవగ్గా ఇస్తున్నారంటే బయటి దేశం నుంచి తెచ్చిన సరుకు కావచ్చు, దానికి మన దేశంలో వారంటీ ఉండకపోవచ్చు.

ఇన్ని జాగ్రత్తలూ బాడీకి తీసుకున్నాను. బోర్లా పడింది లెన్స్ దగ్గర.

పదిహేను వందల పాఠం

బాడీ కొన్న మర్నాడే ఇంకో షాపులో 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ అయిదు వేలకే దొరికింది. నైకాన్‌దే, అద్దాలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. టార్చి వేసి చూశాను, ఫంగస్ లేదు. ‘‘మీ కెమెరాకి పడుతుంది మేడమ్’’ అన్నాడతను. పట్టింది. టక్‌మని బిగుసుకుంది. సంబరంగా ఇంటికి తెచ్చుకున్నాను.

తమ్ముడి కూతురు మొహానికి గురిపెట్టి మీట సగం నొక్కాను. చప్పుడు లేదు, కదలిక లేదు. మళ్లీ నొక్కాను. అంతా మసక. కెమెరా పాడైందనుకుని నా గుండె జారిపోయింది. ఇరవై ఏడు వేలు! మావారి మొహం కళ్ల ముందు కనపడింది.

బాబాయ్ గారికి ఫోన్ చేస్తే, ‘‘లెన్స్ మీద ఏం రాసుందో చదువమ్మా’’ అన్నారు. చదివాను. ‘‘1.8 పక్కన ‘డి’ అని ఉందా? ముందు ‘ఏఎఫ్-ఎస్’ అని లేదా? అదీ సంగతి’’ అన్నారు.

నైకాన్ మౌంటు 1959 నుంచీ ఉంది. పాత లెన్సులు కొత్త బాడీలకి బిగుసుకుంటాయి, ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ ‘డి’ రకం లెన్సుల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు. మోటారు బాడీలో ఉండాలి. డి7000 లాంటి పెద్ద బాడీల్లో ఉంటుంది. డి3500లో, అలాగే డి5600 వరుసలో ఉండదు. అంటే ప్రతిసారీ చేత్తో తిప్పుకుంటూ ఫోకస్ చేసుకోవాలి. ఓపికున్న కుర్రాళ్లు చేస్తారు. తెల్లారి నాలుగున్నరకి వంటింట్లో తిరిగే అమ్మమ్మ వెనక పరిగెత్తే నేను చేయలేను. కానన్‌లో ఈ గొడవ లేదు. 1987 నుంచి వచ్చిన వాళ్ల ఈఎఫ్ లెన్సుల్లో మోటారు లెన్స్‌లోనే ఉంటుంది.

తిరిగి ఇవ్వడానికి వెళితే అదే షాపతను మూడున్నర వేలకి వెనక్కి తీసుకున్నాడు. పదిహేను వందలు పోయాయి. అతన్ని అనడానికేముంది? ‘పడుతుందా’ అని అడిగాను, ‘ఫోకస్ దానంతటదే చేసుకుంటుందా’ అని అడగలేదు. బాడీని వెంట తీసుకెళ్లి అక్కడే నొక్కి చూసుంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది.

ఆ పోయిన డబ్బు ఇంకో విషయంలో కలిసొచ్చింది. ఈ చిన్న సెన్సర్ మీద 50 ఎంఎం లెన్స్ పాత ఫిలిం కెమెరా లెక్కలో 75లా పనిచేస్తుంది. కానన్‌లో అయితే 80. అంటే మనిషి చాలా దగ్గరగా కనిపిస్తాడు. అమ్మమ్మ వంటిల్లు పదడుగులకి ఎనిమిదడుగులు. అందులో ఆ లెన్స్‌తో నడుము వరకు తీయాలంటే నేను గోడకి అతుక్కుపోవాలి. అందుకని ఈసారి 35 ఎంఎం ఎఫ్/1.8 జి తీసుకున్నాను, ‘ఏఎఫ్-ఎస్’ అని రెండుసార్లు చదివి మరీ! సెకండ్ హ్యాండ్‌లో తొమ్మిది వేలు. ఇది మన కంటికి కనిపించినంత మామూలుగా చూపిస్తుంది. మీ ఇళ్లలో గదులు చిన్నవైతే, అందరూ 50 కొనమన్నా, ఒకసారి గది కొలత చూసుకుని నిర్ణయించుకోండి. కానన్ వాళ్లకి ఇలాంటి చోట 24 ఎంఎం ఎఫ్/2.8 అని బిళ్లలా పల్చటి లెన్స్ ఒకటుంది.

బీరువాలో పెట్టకండి

సామాన్లు సర్దుకుంటూ కెమెరాని లెదర్ సంచిలో పెట్టి బీరువాలో దాచబోతే బాబాయ్ గారు ఫోన్‌లోనే కేకలేశారు. మన కోస్తాలో వానాకాలం గాలి ఎలా ఉంటుందో తెలుసు కదా, అప్పడాలు మెత్తబడిపోతాయి. ఆ తేమకి లెన్స్ అద్దాల మధ్య బూజు పడుతుంది. చీకటి, తేమ, గాలాడకపోవడం మూడూ కలిస్తే దానికి పండగే. లెదర్ సంచి తేమని పీల్చుకుని పట్టి ఉంచుతుంది.

డ్రై క్యాబినెట్లు కొనక్కర్లేదు. రబ్బరు అంచున్న గట్టి మూత ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటరు... అన్నీ కలిపి ఏడొందల్లో అయిపోయింది. మీటరు 40కీ 50కీ మధ్య ఉండేలా చూసుకుంటున్నాను. సిలికా గింజలు రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. కొందరు బియ్యంలో పెట్టమంటారు. వద్దు, ఆ పొడి లెన్స్‌లోకి పోతుంది. అన్నిటికన్నా మంచి మందు వాడటం. వారానికి ఒక్కసారైనా తీసి నాలుగు ఫొటోలు తీస్తే బూజు దరిచేరదు.

నా లెక్క అడుగుతారేమో, చెప్పేస్తాను. బాడీ, కిట్ లెన్స్ 27,000. 35 ఎంఎం లెన్స్ 9,000. తప్పు లెన్స్ మీద నష్టం 1,500. కార్డు 800. డబ్బా, సిలికా, మీటరు 700. దుమ్ము ఊదే రబ్బరు బుడ్డీ, తుడుచుకునే గుడ్డ 300. మొత్తం 39,300. మిగిలిన ఏడొందలు ప్రింట్లకి పక్కన పెట్టాను. ఈ ధరలు నేను కొన్నప్పటివి, మీరు వెళ్లేసరికి అటూ ఇటూ కావచ్చు. పద్దులో ఎంతెంత దేనికన్నది మాత్రం ఇలాగే పంచుకోమంటాను. బాడీకి మూడింట రెండొంతులు దాటనీయకండి.

పొట్టిక్కల పొద్దు

జూన్ మొదటి ఆదివారం ముందు రోజే అమ్మమ్మ ఇంటికి చేరాను. తెల్లారుజామున అమ్మమ్మ పనసాకులు ముందేసుకుని కూర్చుంది. నాలుగాకులు కలిపి, పుల్లలు గుచ్చి, బుట్టల్లా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తే పొట్టిక్కలు. ఆ బుట్ట కుట్టడం మా అమ్మకి వచ్చు, నాకు రాదు.

ఫ్లాష్ ఆపేశాను. ఐఎస్ఓ ఆటోలో పెట్టి 3200 దాటకుండా, షట్టర్ నూట పాతికకి తగ్గకుండా కట్టేశాను. మొదటి ఇరవై ఫొటోల్లో ఒకటే తప్పు. ముక్కుపుడక తళతళా మెరుస్తోంది, కళ్లు మసక! ఎఫ్/1.8 దగ్గర పదునుగా ఉండే మేర వేలెడు కూడా ఉండదు. కెమెరా దానికి నచ్చిన చోట పట్టుకుంటోంది. ఒకే ఒక్క ఫోకస్ చుక్క పెట్టుకుని, అది కంటి మీద ఉంచి, ఎఫ్/2.8కి తగ్గించాక కుదిరింది. ఇంకో చిక్కు, కొన్ని ఫొటోలు పచ్చగా, కొన్ని ఎర్రగా వచ్చాయి. మన కరెంటుకి ట్యూబ్‌లైట్ సెకనుకి వందసార్లు మినుకుతుందట, కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్‌ని నూరో వంతు దగ్గర పెట్టాక సర్దుకుంది.

ఆరవుతుంటే తూర్పు కిటికీలోంచి వెలుగొచ్చింది. ట్యూబ్‌లైట్ ఆపేశాను. అమ్మమ్మ పుల్ల పళ్ల మధ్య పెట్టుకుని, ఆకు మడుస్తూ, నా వంక చూడకుండా ‘‘ఎంతసేపు టకటకలాడిస్తావే, పిండి పులిసిపోతోంది’’ అంటోంది. ఆ పూట మొత్తం మూడొందల పైచిలుకు తీశాను. దేన్నీ చెరపలేదు.

తర్వాతి ఆదివారం మూడు ప్రింట్లు తీసుకెళ్లాను, అన్నీ 12కి 18. ఒకటి పట్టుచీరలో కుర్చీలో కూర్చున్నది, ఒకటి తులసికోట దగ్గరిది, ఒకటి పనసాకులతో ఉన్నది. అమ్మమ్మ కళ్లజోడు తుడుచుకుని ఒక్కొక్కటే కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. ఫొటోలో తన నుదుటి మీద గీతల్ని వేలితో తడిమింది. ‘‘ఇది నేనే’’ అంది. వెంటనే, ‘‘పట్టుచీరది బావుంది కానీ రవిక నప్పలేదు. దండకి ఇది కాదు, మళ్లీ తియ్యి’’ అంది. పనసాకుల ఫొటో మాత్రం పాత పేపర్లో చుట్టి తన ట్రంకు పెట్టెలో పెట్టుకుని తాళం వేసింది. అది దేనికో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మావారి ప్రశ్నకి నేనింకా మాటల్లో జవాబు చెప్పలేదు. రెండో ప్రింటు తెచ్చి హాల్లో పెట్టాను. ఆయన దాని ముందు కాసేపు నిలబడి, ‘‘మా అమ్మని ఎప్పుడు తీస్తావ్?’’ అన్నారు. వాషింగ్ మెషిన్ ఇంకా గడగడలాడుతూనే ఉంది. వచ్చే చీటీకి చూద్దామన్నారు.

మొన్న మళ్లీ వెళ్లాను, రవిక మార్చిన ఫొటో కోసం. వీధి అరుగు మీద అమ్మమ్మతో పాటు ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. అందరూ అమ్మమ్మ ఈడు వాళ్లే. తలలు నున్నగా దువ్వుకుని, పెట్టెల్లోంచి తీసిన పట్టుచీరలు కట్టుకుని, నిండా బొట్లు పెట్టుకుని ఉన్నారు. నన్ను చూడగానే అమ్మమ్మ, ‘‘ఒకరి తర్వాత ఒకరిని తియ్యి. ముందు ఆ చివరావిణ్ణి కానీ, ఆవిడకి ఎండ పడదు’’ అంది.

కుర్చీని తూర్పు కిటికీ పక్కకి జరిపి, బ్యాటరీ చూసుకున్నాను. నిండుగా ఉంది.